నిలబడే చోటు

మధ్యాహ్నం గంట కొట్టి చాలాసేపయింది గానీ భోజనాలకు ఎవర్నీ ఓడ లోపలి నుంచి పైకి రానివ్వలేదు. సముద్రం మీద మబ్బు కమ్ముకొస్తోంది. రేవు గట్టున మూడో బెర్తు దగ్గర కట్టిన ఆ ఓడలో ఇంకా సగం దుంగలు మిగిలే ఉన్నాయి. వాన పడేలోగా అది ఖాళీ అయి, సాయంత్రానికల్లా కదిలిపోవాలని పైనుంచి హుకుం. సూపర్‌వైజరు గొడుగు చంకలో పెట్టుకుని ఓడ మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతున్నాడు. అరిచి అరిచి అతని గొంతు బొంగురుపోయింది.

బెర్తు మీద, మూడంతస్తుల ఎత్తున ఉన్న క్రేను గదిలో తమ్ముడు కూర్చుని ఉన్నాడు.

అతణ్ణి రేవంతా తమ్ముడనే పిలుస్తుంది. అతని అన్న ఓడ కడుపులోకి దిగి సరుకు కట్టే ముఠాకు పెద్ద. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని గేటు దగ్గరికి తీసుకొచ్చిన తొలిరోజున అన్న "వీడు మా తమ్ముడు" అని చెప్పాడు. ఆ మాటే పేరై కూర్చుంది. అతనికన్నా చిన్నవాళ్ళూ, జీతాలిచ్చే గుమాస్తా కూడా "ఏం తమ్ముడూ" అనే పలకరిస్తారు.

క్రేను నేర్చుకోవాలంటే రెండేళ్ళు జీతం లేకుండా తిరగాలి. చెప్పుల జత కొనడానికి మూడు రోజుల కూలి ధారపోయాల్సిన కాలంలో ఆ రెండేళ్ళూ అన్న పగలొక షిఫ్టు, రాత్రొక షిఫ్టు మోశాడు. తనూ మోస్తానని తమ్ముడంటే ఒప్పుకోలేదు. "మన ఇంట్లో అందరికీ మెడలు కురచయిపోయాయిరా. ఒక్కడైనా మెడ నిలబెట్టుకుని కూర్చుని పనిచెయ్యాలి" అనేవాడు. తమ్ముడికి క్రేను మీద పని ఖాయమైన రోజున ముఠా అందరికీ తన డబ్బులతో టీ పోయించి, "ఇకనుంచి మావాడు మీ అందరి నెత్తిమీదా కూర్చుంటాడు, ఏమనుకోకండి" అని నవ్వాడు.

క్రేను గదిలోంచి చూస్తే ఓడ మీద నలుపలకలుగా తెరిచిన ఒక నల్లటి నోరు, అందులోకి దిగిపోయే ఇనుప తాడు, అంతే కనిపిస్తాయి. లోపల ఎంత లోతుందో, మనుషులెక్కడున్నారో పైవాడికి తెలియదు. అందుకే ఆ నోటి అంచున ఒక మనిషి నిలబడతాడు. అతను కిందికి చూస్తాడు, పైకి సైగ చేస్తాడు. ఎర్ర గుడ్డ ఊపితే ఆపాలి. పచ్చ గుడ్డ ఊపితే ఎత్తాలి. మూడో బెర్తులో ముప్ఫయ్యేళ్ళుగా ఆ పని చేస్తున్న ముసలాయన్ని అందరూ జెండా అంటారు. కిందివాళ్ళకు నోరూ, పైవాడికి కళ్ళూ ఆయనే.

ఆ రోజు నాలుగో బెర్తులో సైగలు చేసేవాడు జ్వరంతో రాలేదు. అక్కడ కూడా ఓడ తొందరగా ఖాళీ కావాలి. సూపర్‌వైజరు జెండాను పిలిచి అటు వెళ్ళమన్నాడు. జెండా కదలకుండా నిలబడి ఏదో చెప్పాడు. పైకి వినపడలేదు. సూపర్‌వైజరు గొడుగుతో నాలుగో బెర్తు వైపు చూపించాడు. జెండా రెండు గుడ్డలూ చుట్టుకుని మెల్లగా ఓడ దిగాడు.

తమ్ముడు కిటికీలోంచి తల బయటపెట్టి, ఆయన లేకుండా ఎలాగండీ అని సూపర్‌వైజరును అరిచి అడిగాడు.

"ఒక్క గంటయ్యా. నేనున్నాగా, చెయ్యి ఊపుతా. ఇన్నేళ్ళ నుంచి ఎత్తుతున్నావు, కళ్ళు మూసుకుని ఎత్తగలవు నువ్వు."

ఆ పొగడ్తకు తమ్ముడు తలూపాడు. తరవాతి రోజుల్లో ఆ తల ఊపడమే అతనికి మాటిమాటికీ గుర్తొచ్చేది.

మొదట కొన్ని కట్టలు బాగానే వచ్చాయి. సూపర్‌వైజరు చెయ్యి ఊపాడు, తమ్ముడు ఎత్తాడు, దుంగలు బెర్తు మీదికి చేరాయి. తరవాతి కట్టకు కూడా చెయ్యి ఊపాడు గానీ అప్పటికే అతని మొహం మబ్బు వైపు తిరిగి ఉంది. లోపల కట్ట ఒక పక్కకు ఊగుతోందని పైనుంచి చూసినవాళ్ళు లేరు. కింద ఎవరో అరిచారట. ఆ అరుపు యంత్రం చప్పుడులో కలిసిపోయింది. కట్ట పైకొస్తూ ఓడ నోటి అంచుకు తగిలింది. ఆ తగలడం తమ్ముడికి చెవికన్నా ముందు చేతికి తెలిసింది. మీట లాగి ఆపాడు. ఆపేసరికి గొలుసులోంచి ఒక్క దుంగ జారి, వచ్చిన దారినే వెనక్కి లోపలికి పోయింది.

నాలుగో బెర్తు నుంచి జెండా పరిగెత్తుకొచ్చాడు. అంచు దగ్గర వంగి లోపలికి చూశాడు. తరవాత పైకి, క్రేను గది వైపు చూశాడు. ఏ గుడ్డా ఊపలేదు.

లోపల నిలువు నిచ్చెన ఒక్కటే ఉంది. దెబ్బ తిన్న మనిషిని దాని మీద మోసుకురావడం కుదరదు. ఇద్దరు ఒక చెక్క పలక వెతికి తెచ్చి, దానికి నాలుగు మూలలా తాళ్ళు కట్టి, క్రేను కొక్కేనికి తగిలించారు. పలక లోపలికి దిగింది. అన్నకే దెబ్బ తగిలిందని తమ్ముడికి అప్పటికి ఎవరూ చెప్పలేదు. ఎవరో ఒకరు చెప్పాల్సిన అవసరం లేకుండానే అతనికి తెలిసిపోయింది. దిగిపోదామనుకున్నాడు. దిగితే ఆ పలకను ఎత్తేవాడు లేడు.

జెండా పచ్చ గుడ్డ ఊపాడు.

తమ్ముడు ఎత్తాడు. ఆ రేవులో అంత నెమ్మదిగా, అంత మెత్తగా ఏ బరువూ ఎప్పుడూ పైకి రాలేదని చూసినవాళ్ళు చెప్పుకున్నారు. పలక మీద అన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మొహానికి దెబ్బేమీ లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పైకి వస్తున్నంతసేపూ ఆ కళ్ళు క్రేను వైపే చూస్తున్నట్టు తమ్ముడికి అనిపించింది. పలక బెర్తు మీద ఆనిన తరవాతే అతను మీట వదిలాడు. నిచ్చెన మెట్లు దిగి, జనాన్ని తోసుకుని దగ్గరికి చేరేసరికి ఎవరో అన్న మొహం మీద తువ్వాలు కప్పేశారు.

వాన ఆ రోజు పడనే లేదు.

మర్నాడు శవం ఊరి మధ్య నుంచి వెళ్ళింది. కూలీలకిచ్చిన ఇళ్ళ వరసలు, లైన్లు, రేవు గోడ వెనక ఉంటాయి, శ్మశానం ఊరికి ఆ కొసన. ఇంకో దారి లేదు. తమ్ముడు పాడెకు ముందు భుజం పట్టాడు. ఆ భుజానికి బరువు మోయడం అలవాటు లేదు. వెనక ముఠావాళ్ళు అతని నడకకు తగ్గట్టు అడుగు తగ్గించుకున్నారు.

ఆ ఊరు పుట్టింది రేవులోంచే. అంతకు ముందు అక్కడ ఉప్పు నీళ్ళ మడుగూ, నాలుగు జాలరి గుడిసెలూ తప్ప ఏమీ లేవు. ఓడలు లోపలికి రావాలని మడుగును తవ్వారు. తవ్వినవాళ్ళలో ఈ అన్నదమ్ముల తాత ఒకడు. తవ్విన మట్టిని తట్టలతో మోసి ఒక పక్కన పోశారు. అది దిబ్బయింది. దిబ్బ మీద గాలి బాగా వస్తుందని షావుకార్లు మేడలు కట్టుకున్నారు. ఓడలొస్తే తాళ్ళు కావాలి కాబట్టి తాళ్ళ వీధి వచ్చింది. సరుకు నింపడానికి గోనె సంచుల వీధి, సరుకు దాచడానికి గోదాముల వీధి, దాని డబ్బు దాచడానికి బ్యాంకుల వీధి వచ్చాయి. ఇప్పటికీ ఊరు రేవు కూతతోనే లేస్తుంది. బొగ్గు ఓడ వచ్చిన రోజున ఏ డాబా మీదా బట్టలు ఆరవెయ్యరు. ఓడలు లేని రోజున మంగలి షాపులో కూడా జనం ఉండరు. ఎవరైనా ఎక్కడి వాళ్ళమని అడిగితే ఆ ఊరివాళ్ళు ఊరి పేరు చెప్పరు, రేవు వాళ్ళం అంటారు. పాత కాగితాలు అమ్ముకునేవాడూ అంతే, దిబ్బ మీద డాక్టరూ అంతే.

దిబ్బ కింద నుంచి వెళ్ళేటప్పుడల్లా అన్న ఒకే హాస్యం ఆడేవాడు. మన తాత పోసిన మట్టి మీద మేడలు కట్టుకున్నారు, అద్దె అడగడం మరిచిపోయాం, అని. ఆ రోజు దిబ్బ కింద నుంచి వెళ్తుంటే ముఠాలో ఒకతను ఆ మాట గుర్తు చేసుకుని నవ్వబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

బ్యాంకుల వీధి మొదట్లో పెద్ద స్వాగత ద్వారం కడుతున్నారు. రేవుకు వందేళ్ళు నిండుతున్నాయి. రంగులు వేసేవాళ్ళు నిచ్చెనల మీద ఉన్నారు. శవాన్ని చూసి ఒకాయన కుంచె ఆపి నిచ్చెన దిగాడు. ఇంకొకాయన దిగలేదు, అతని చేతిలో రంగు తడి ఆరిపోతుంది కాబట్టి.

మూడు రోజుల తరవాత సూపర్‌వైజరు లైన్లలోకి వచ్చాడు. వాన లేకపోయినా గొడుగు ఉంది. గుమ్మం ముందు నిలబడి లోపలికి రానన్నాడు. అతను మరీ చెడ్డవాడు కాదు. పిల్లలున్నవాడు. లోపలున్న వదినకు మొహం చూపించలేక గోడ వైపు చూస్తూ మాట్లాడాడు. వారం తిరక్కుండా విచారణ ఉంటుందనీ, అందులో తమ్ముడు చెప్పే మాటే ముఖ్యమనీ చెప్పాడు. చనిపోయిన మనిషి నిబంధన మీరి, వేలాడే బరువు కింద నిలబడ్డాడు అని తమ్ముడు చెబితే అది ఎవరి తప్పూ కాదు. అప్పుడు రేవు దయతలచి, ఈ ఇల్లు ఇలాగే ఉంచి, వదినకు గోదాములో పని ఇస్తుంది. అలా కాదంటే తప్పు క్రేను నడిపినవాడిదవుతుంది. తమ్ముడి పని పోతుంది. రేవు పనిలో ఎవరూ లేని కుటుంబానికి లైన్లలో ఇల్లుండదు.

జెండాను పంపించింది మీరు కదండీ అన్నాడు తమ్ముడు.

"నాక్కూడా పైనున్నారు తమ్ముడూ" అని, సూపర్‌వైజరు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని వెళ్ళిపోయాడు.

కూలీల సంఘం కార్యదర్శి దగ్గరికి వెళ్ళాడు తమ్ముడు. ఆయన వందేళ్ళ ఉత్సవాల కమిటీలో ఉన్నాడు. చొక్కాకు రంగు రిబ్బను పువ్వు గుచ్చి ఉంది. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, అన్న మంచితనం గురించి కళ్ళు తడి చేసుకుని చెప్పాడు. ఈ ఉత్సవాలొక్కటీ గడవనీ, ఆ తరవాత గట్టిగా పట్టుకుందాం అన్నాడు. ఆ తరవాత పట్టుకోవడానికి ఏం మిగులుతుందో తమ్ముడికి అర్థం కాలేదు.

ఆ సాయంత్రం వదిన గుమ్మంలో కూర్చుని గోనె సంచులు కుడుతోంది. ఆవిడ పెళ్ళయి వచ్చేనాటికి తమ్ముడు మోకాళ్ళ దాకా ఉండేవాడు. అతనికి తల దువ్వింది ఆవిడే, జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఆవిడే. భర్త పోయిన నాటి నుంచి ఆవిడ గట్టిగా ఏడవడం ఎవరూ వినలేదు. సంచుల కుప్ప మాత్రం రోజూకన్నా ఎక్కువ లేస్తోంది. తమ్ముడు మెట్టు మీద కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చేతులు నలుపుకుంటున్నాడు.

"నాకన్నీ వినపడ్డాయి" అంది వదిన. "ఆయన గోడ వైపు తిరిగి మాట్లాడితే గోడ వెనకున్న నాకు వినపడదా?"

తమ్ముడు తల వంచుకున్నాడు.

"వాళ్ళడిగింది చెప్పెయ్యి నాయనా."

"వదినా, అన్న అలా చేసే మనిషి కాదు."

"ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. పోయినోడికి ఇల్లక్కర్లేదు. పిల్లకి కావాలి." దారం పళ్ళతో కొరికి తెంపింది. "నీ పని కూడా పోతే ఆయన మోసిన రెండేళ్ళూ మట్టిలో పోసినట్టేగా. అదొక్కటి మాత్రం నేను చూళ్ళేను."

చివరి సంచి కుట్టాక భోజనానికి లెమ్మంది.

విచారణ జరిగిన గది రేవు కచేరీ పైఅంతస్తులో ఉంది. తమ్ముడు అంతకు ముందెన్నడూ ఆ మెట్లెక్కలేదు. గోడల నిండా పటాలు. మొదటి పటంలో మడుగు, తరవాత మొదటి ఓడ, తరవాత గోదాములు, దిబ్బ మీద తొలి మేడ, దీపాలు పెట్టిన వీధులు. పటం పటానికీ ఊరు పెద్దదవుతూ వచ్చింది. మట్టి తట్టలతో నిలబడ్డ మనుషులు ఒక పటంలో దూరంగా ఉన్నారు. మొహాలు తెలియడం లేదు.

విచారణ చేసే ఆఫీసరు మర్యాదగా మాట్లాడాడు. కూర్చోమన్నాడు. పోయిన ప్రాణాన్ని ఎవరూ తేలేరన్నాడు. ఈ ఊరికి ఈ రేవే మొహమనీ, వందేళ్ళ పండగకు ఎక్కడెక్కడి నుంచో పెద్దలు వస్తున్నారనీ, ఇలాంటప్పుడు మొహం మీద మరక పడితే రేపు ఓడలు ఇంకో రేవు చూసుకుంటాయనీ, అప్పుడు ఒక్క ఇల్లు కాదు, లైన్లన్నీ పస్తులుంటాయనీ వివరంగా చెప్పాడు. అది అబద్ధమని కూడా తమ్ముడు అనలేకపోయాడు. ఓడలు రాకపోతే పస్తులే. అది పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే.

"అతను బరువు కింద నిలబడ్డాడు. అంతే కదా?" అన్నాడు ఆఫీసరు.

క్రేను గదిలోంచి నాకు లోపల ఏమీ కనపడదండీ అనే మాట తమ్ముడి గొంతు దాకా వచ్చింది. వదిన సంచి దారం కొరకడం గుర్తొచ్చింది. ఒకవేళ అన్న నిజంగానే తొందరలో కిందికొచ్చి నిలబడ్డాడేమో, ఎవరికి తెలుసు, అని తనకు తనే చెప్పుకున్నాడు. ఆ ఆలోచన చేతికర్రలా దొరికింది. దాన్ని పట్టుకునే మాట బయటికి తెచ్చాడు.

"అవునండీ. నిలబడ్డాడు."

జెండాను లోపలికి పిలవనే లేదు. మెట్ల కింద బల్ల మీద ఆయన పొద్దుటి నుంచి కూర్చుని ఉన్నాడు. తమ్ముడు దిగి వస్తుంటే లేచి, మొహం చూసి, ఏమీ అడక్కుండా మళ్ళీ కూర్చున్నాడు.

చెప్పినట్టే ఇల్లు ఉంచారు. వదినకు గోదాము ఊడ్చే పని ఇచ్చారు. తమ్ముడు మూడో బెర్తుకు పనికెళ్ళాడు. ముఠాలో ఎవరూ అతణ్ణి ఏమీ అనలేదు. మునుపటిలాగే తమ్ముడూ అని పిలిచారు. ఎవరి తమ్ముడు అని ఎవరూ అడగకపోయినా ఆ పిలుపు వినబడిన ప్రతిసారీ అతను మొహం తిప్పుకునేవాడు. టీ వేళకు కిందికి దిగడం మానేశాడు. క్రేను గదిలోనే కూర్చునేవాడు.

అన్న కూతురు లైన్ల బడిలో చదువుతోంది. పదకొండేళ్ళ పిల్ల. తండ్రి పోయాక ఆ పిల్ల మాటలు తగ్గించేసింది. ఒకరోజు బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి దించకుండానే బాబాయి ఎదురుగా నిలబడింది. ఉత్సవాల సందర్భంగా రేవు నుంచి ఎవరో బడికొచ్చి, రేవు ఎలా పుట్టిందో, ఊరు ఎలా పెరిగిందో పిల్లలకు చెప్పారట. ఆఖరున జాగ్రత్తల గురించి చెబుతూ, మొన్న ఒకాయన వేలాడే బరువు కింద నిలబడి ప్రాణం పోగొట్టుకున్నాడు, అలాంటి అజాగ్రత్త పనికిరాదు అన్నారట. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. బడిలో పిల్లలంతా ఈ పిల్ల వైపు చూశారు.

"బాబాయ్, నాన్న దాని కింద ఎందుకు నిలబడ్డాడు?"

అలిగి అడగలేదు, ఏడుస్తూ అడగలేదు. తెలిసినవాణ్ణి లెక్క అడిగినట్టు అడిగింది. వదిన లోపల గిన్నెలు కడుగుతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది.

పిల్ల జవాబు కోసం కాసేపు ఎదురుచూసి, సంచి దించి మూల పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలవడానికి చాలాసేపు పట్టింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ముగ్గురూ ఉన్నారు గానీ ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు. వదిన వడ్డిస్తూ వడ్డిస్తూ, గరిటె పట్టుకునే ఆగి, "నేనే చెప్పమన్నా" అంది, ఎవరితో అన్నదో తెలియకుండా.

వందేళ్ళ పండగ రోజు రానే వచ్చింది. ఊరంతా రంగు కాగితాలు కట్టారు. బ్యాంకుల వీధిలో బ్యాండు మోగుతోంది. దిబ్బ మీద మేడలన్నిటికీ దీపాలు పెట్టారు. గోదాముల గోడలకు వీధి వైపు కనపడేంత వరకే సున్నం కొట్టి ఆపేశారు. రేవుకు మాత్రం సెలవు లేదు. పెద్దలు చూడటానికి వచ్చేసరికి అన్ని బెర్తుల్లోనూ ఓడలుండాలి, అన్ని క్రేన్లూ తిరుగుతుండాలి. మూడో బెర్తులో మళ్ళీ దుంగల ఓడే వచ్చింది.

తమ్ముడు క్రేను గదిలోకెక్కి కూర్చుని, యంత్రం వేసి, ఓడ వైపు చూశాడు. నోరు తెరిచి ఉంది. అంచున ఎవరూ లేరు. ముఠా అప్పటికే లోపలికి దిగింది. సూపర్‌వైజరు కొత్త చొక్కా వేసుకుని ఓడ మీదున్నాడు. ఈసారి గొడుగు లేదు.

జెండా ఎక్కడని అడిగాడు తమ్ముడు.

జెండాకు కొత్త యూనిఫారం ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టారట. పెద్దల కార్లు వచ్చినప్పుడు ఆయన పచ్చ గుడ్డ ఊపాలి. చూడటానికి బాగుంటుందని ఎవరో అన్నారట. పాత రోజుల్లో అలా ఊపేవారట. "మధ్యాహ్నానికి వచ్చేస్తాడులే. కానీ, కానీ, కార్లు బయల్దేరాయి" అన్నాడు సూపర్‌వైజరు. ఓడ అంచుకు కాస్త దూరంగా నిలబడి చెయ్యి పైకెత్తి ఊపాడు.

తమ్ముడి చెయ్యి మీట మీద ఉంది. కొక్కెం లోపల ఉంది. కింద ఎవరో కట్ట కట్టేసి ఉంటారు. చెయ్యి కదిపితే చాలు. సూపర్‌వైజరు మళ్ళీ ఊపాడు. గేటు దగ్గర బ్యాండు వినిపిస్తోంది.

తమ్ముడు యంత్రం ఆపేశాడు.

ఆ చప్పుడు పోగానే రేవులో ఆ పక్కంతా ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది. తమ్ముడు లేచి, నిచ్చెన దిగి, బెర్తు దాటి, ఓడ మీదికెక్కాడు. ఏమైంది, యంత్రం చెడిందా అని సూపర్‌వైజరు అడుగుతూనే ఉన్నాడు. తమ్ముడు అతణ్ణి దాటి, ఎవరూ లేని ఆ అంచు దగ్గరికెళ్ళి, కడ్డీ పట్టుకుని వంగి కిందికి చూశాడు.

ఇన్నేళ్ళలో అతను ఓడ కడుపులోకి తొంగి చూడటం అదే మొదటిసారి. అన్న రానిచ్చేవాడు కాదు. నీ చోటు పైన, కిందికి చూడకు, అనేవాడు.

లోపల నాలుగు వైపులా గోడల దాకా దుంగలు పేర్చి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, మనిషి ఎత్తుకు రెండింతలు. మధ్యలో, సరిగ్గా ఈ నోటి కింద, దుంగలు తీయగా ఏర్పడ్డ చిన్న జాగా. నాలుగు మంచాలు పట్టేంత. ఆ జాగాలోనే కట్టిన దుంగలు, ఆ జాగాలోనే కొక్కెం, ఆ జాగాలోనే ఐదుగురు మనుషులు. పక్కకు జరగాలంటే దుంగల మీద పాకాలి. పాకితే అవి దొర్లుతాయి. మనిషి నిలబడటానికి అక్కడ ఇంకో చోటే లేదు.

ఐదుగురూ మొహాలెత్తి చూస్తున్నారు. వెలుతురు వాళ్ళ నుదుళ్ళ మీద పడుతోంది.

"ఏంటి తమ్ముడూ?" అన్నాడు వాళ్ళలో ఒకతను. అన్న పోయాక ముఠాకు పెద్దయినవాడు.

వెనక సూపర్‌వైజరు తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, ఇప్పుడు కాదు, తరవాత మాట్లాడదాం, అవతల కార్లు లోపలికొచ్చేశాయి అంటున్నాడు. ఆ గొంతులో కోపం కన్నా బతిమాలడం ఎక్కువుంది. ఇల్లు సంగతి కూడా అన్నాడు. వదిన పని సంగతి కూడా అన్నాడు. ఆ మాటలన్నీ తమ్ముడు విన్నాడు. అవేవీ అతనికి తెలియనివి కావు.

"మా అన్న కింద నిలబడ్డాడని నేను చెప్పాను" అన్నాడు లోపలికి చూస్తూ. "అది అబద్ధం. నాకు ఏమీ కనపడలేదు. కనపడకుండానే ఎత్తాను."

తమ్ముడు ఇంకాస్త కిందికి వంగాడు.

"ఇవాళ సైగ చేసే మనిషి లేకుండా ఎత్తను. మీరు పైకొచ్చెయ్యండి."

ఐదుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇవాళ పని ఆగితే ఇవాళ్టి కూలి పోతుంది. రేపు గేటు దగ్గర ఏం జరుగుతుందో తెలియదు. బ్యాండు దగ్గరకొస్తోంది. సూపర్‌వైజరు చెయ్యి ఇంకా తమ్ముడి భుజం మీదే ఉంది, తోయడానికి కాదు, లాగడానికీ కాదు. ముఠా పెద్ద కట్టిన దుంగల వైపు ఒకసారి, తల మీద నలుపలకలుగా కనపడుతున్న ఆకాశం వైపు ఒకసారి చూశాడు. తరవాత తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, నిచ్చెన దగ్గరికి నడిచి, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, మిగిలిన నలుగురి కోసం వెనక్కి తిరిగి చూశాడు.